బురదలో పాకిన రాజుగారు

మా ముత్తాత సూర్యనారాయణరాజుగారు శ్రీకాకుళం వైపు జమీందారు. పల్లకి దిగకుండానే ఊళ్ళు చూసేవారు. తాత రామభద్రరాజుగారు ఎవరికీ తల వంచలేదు. కలకత్తా పక్కన సంత్రాగాఛిలో అద్దెకుంటున్నా నా నడుమూ వంగదు.

మా వీధి చివరి చెరువును పూడ్చి ఫ్లాట్లు కట్టాలని ఒక బెంగాలీ ప్రమోటర్ సిద్ధమయ్యాడు. అక్కడ చేపలు పట్టే అడవిపిల్లి ఉంది, దాని చోటు పూడిస్తే చట్టం ఒప్పుకోదు అంటే ఎవరూ నమ్మలేదు. జంతువు కదిలితే తనంతట తానే ఫొటో తీసే కెమెరాను గట్టున కట్టాను.

కాలనీ మీటింగులో ఫొటోలు తెర మీద వేశాను. మొదటి దాంట్లో నేనే, బురదలో చేతులూ మోకాళ్ళ మీద! కెమెరా పనిచేస్తోందో లేదో చూడాలంటే పిల్లి ఎత్తులో దాని ముందు పాకాలి. ఆ ఫొటో తీసేయడం మరిచాను.

"ఏటి రాజుగారూ, ఇదేనేటండీ మీ పిల్లి?" అన్నారు రైల్వేలో రిటైరైన అప్పలనాయుడుగారు.

"మీసాలు కూడా ఉన్నాయి దాదా!" అన్నాడు ప్రమోటర్. హాలంతా నవ్వులు.

తల ఎత్తే ఉంచి తర్వాతి ఫొటో వేశాను. నేను పాకిన చోటే, నోట చేపతో మచ్చల పిల్లి! నవ్వులు ఆగిపోయాయి.

అప్పలనాయుడుగారే లేచి, "సెరువు ముట్టుకుంటే ఊరుకోం దాదా" అన్నారు. అటవీశాఖ వాళ్ళు వచ్చి చూశారు. చెరువు నిలిచింది.

మా వంశంలో పాకి గెలిచింది నేనొక్కడినే. ముత్తాతగారి పల్లకిని నాన్నగారి రోజుల్లోనే అమ్మేశాం.