బతికుండగానే పాతుకున్న రాళ్ళు

మా వాడ చివర ఏడు నిలువురాళ్ళున్నాయి. చుట్టుపక్కల ఊళ్ళలో మనిషి పోయాక రాయి నిలబెడతారు. మావాళ్ళు బతికుండగానే పాతుకున్నారు. గోదావరి అవతల దొర గడీలో వెట్టి చెయ్యలేక మా ముత్తాతల తరంలో ఏడుగురు పారిపోయి ఈ బస్తర్ అడవిలో దాక్కున్నారు. దొర మనుషులు వెతుక్కుంటూ వస్తే ‘వాళ్ళు చచ్చిపోయారు’ అని చూపించడానికి ఎవరి రాయి వాళ్ళే నిలబెట్టుకుని, పేర్లు మార్చుకుని బతికారు. పాత పేర్లు పైకి అనకూడదు. చిన్నప్పుడు ఒకసారి అడిగినందుకు నాన్నమ్మ నా వీపు విమానం మోత మోగించింది.

నిరుడు రోడ్డు వెడల్పు చేస్తామని ఆ రాళ్ళకు సున్నం గీతలు కొట్టి పోయారు. నేను అంగన్‌వాడీ టీచర్ని, నాలుగు హిందీ ముక్కలు వచ్చు కాబట్టి ఆఫీసుల చుట్టూ తిరిగాను. చివరికి పురావస్తు శాఖ నుంచి ఒక సర్వే సార్ వచ్చాడు. రాళ్ళకు చరిత్ర ఉందని రాస్తే రోడ్డు పక్కకు జరుపుతారట, బోర్డు కూడా పెడతారట. కానీ పేరు చెప్పలేని రాయిని జాబితాలో చేర్చరు. పేర్లు తెలిసింది నాన్నమ్మ ఒక్కతికే.

ఆమెను తీసుకురావడానికి వెళ్తుంటే దారిలో నాకు ఒక భయం పట్టుకుంది. అవతలి నుంచి వచ్చినవాళ్ళమని కాగితం మీద పడితే, రేపెవడో వచ్చి ‘అయితే అక్కడికే పొండి’ అంటే? ఈ అడవిలో ఎవరు ఆపినా ముందు అడిగేది ఎక్కడివాళ్ళని కదా. రాళ్ళను కాపాడబోయి మొత్తం వాడనే అప్పజెబుతున్నానేమో అనిపించింది. ఆ భయం ఇప్పటికీ పోలేదు.

రాళ్ళ దగ్గరికి రాగానే నాన్నమ్మ సార్‌ని ఎగాదిగా చూసింది.

“ఏంది, ఈయన దొర తరపు మనిషా?”

“కాదు నాన్నమ్మా, సర్కారు మనిషి. ఆ దొర ఎప్పుడో పోయిండు.”

“పోయిండని ఎవరు చెప్పిండ్రు? రాయి చూసి నమ్మినవా?”

ఏమంటోందని సార్ హిందీలో అడిగితే, కాస్త టైం పడుతుందని చెప్పాను.

పేర్లు రాస్తేనే రాళ్ళు మిగులుతాయని నచ్చజెప్పాక ఆమె లేచి, ఒక్కో రాయి మీద చెయ్యి వేసి గుసగుసగా పేరు చెప్పింది. మధ్యమధ్యలో దారి వైపు చూసింది. నేను పుట్టి పెరిగిన చోట ఆ పేర్లు వినడం అదే మొదటిసారి. సార్ ఇచ్చిన ఫారంలో ఒక్కో గడిలో ఒక్కో పేరు రాశాను. ఆరు పేర్లయ్యాయి. ఏడో రాయి నాన్నమ్మ వాళ్ళ నాన్నది. అక్కడ చెయ్యి వేసి ఊరుకుంది.

“ఇది గూడ చెప్పు నాన్నమ్మా. చెప్పకుంటే ఈ రాయి పీకేస్తరు,” అని బతిమాలాను.

“పీకనియ్. మా నాయిన ఇప్పటిదాకా వాళ్ళకు చిక్కలే. నేను పట్టియ్య.”

ఏడో గడి ఖాళీగానే ఉంచి ఫారం సార్ చేతికిచ్చాను.