ఎవరి పైసలు వారి పేరున

జూలై ఆఖరులో వాన పడుతున్నప్పుడు జిరాక్సు షాపు ముందు నుంచి నడిస్తే, యంత్రంలోంచి అప్పుడే బయటికి వచ్చిన కాగితం వాసన వేడిగా ముఖానికి తగులుతుంది. మొన్న నల్గొండ గడియారం సెంటర్‌లో ఆ వాసనకు కాళ్ళు ఆగిపోయాయి. మనసు మాత్రం ఆగలేదు, పక్కనున్న ఇరుకు మెట్లెక్కి పైకి పోయింది. ఆ పైన ఒకప్పుడు సరళక్క గది ఉండేది. చిన్న దుకాణాల వాళ్ళకు, టీచర్లకు, నౌకరి చేసేవాళ్ళకు పన్ను రిటర్నులు వేసిపెట్టేది. జూలై వచ్చిందంటే ఆ మెట్ల మీద తడిసిన గొడుగులు పెట్టడానికి కూడా జాగా దొరికేది కాదు. ఇప్పుడు ఆమె లేదు. ఆ గదిలో ఎవరో మొబైల్ కవర్లు అమ్ముకుంటున్నారు. ఆమెను చూడనివాళ్ళకు ఆమె గురించి చెప్పాలని చాలా రోజులుగా ఉంది.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. నా పేరు నఫీసా. బడికి పోలేదు. మా అబ్బా ఇంట్లోనే దర్జీ పని చేసేవాడు, నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు. ఖురాన్ చదవడం అమ్మీ నేర్పింది. తెలుగు మాత్రం అబ్బా రాసుకునే కొలతల పుస్తకంలో నేర్చుకున్నాను. నేను మొదట చదివిన తెలుగు మాటలు భుజం, నడుము, చేతి పొడుగు. అల్లా దయవల్ల ఆ చదువే నాకు అన్నం పెట్టింది. రాష్ట్రం వచ్చిన తర్వాత మహిళా సంఘంలో లోను తీసుకుని చిన్న షాపు తెరిచాను. జాకెట్లు కుడతాను, లైనింగులు, ఫాల్సు, దారాలు అమ్ముతాను.

షాపు మెట్టు మీద యాదమ్మ పూలు అమ్మేది. ఆమెకు పెద్ద ఫోను లేదు. చేతిలో నోట్లు పట్టుకుని వచ్చేవాళ్ళు తగ్గిపోయాక, ఆమె పూలు కొన్నవాళ్ళు నా గోడ మీది స్కానరుకే పైసలు కొట్టేవాళ్ళు. పొద్దుగూకాక ఆ మొత్తం నేను ఆమె చేతికి ఇచ్చేదాన్ని. అది చూసి గల్లీ అంతా నా దగ్గరికి వచ్చింది. హైదరాబాద్‌లో పనిచేసే కొడుకులు తల్లులకు పంపే పైసలు నా ఫోనుకే వచ్చేవి. సంఘం కిస్తీలు కూడా నా ఫోనుకే. ఒకరికి సాయపడితే సవాబు దొరుకుతుందని, అంటే పుణ్యమని, సంతోషంగా చేశాను. దీంట్లో తప్పు ఉంటుందని కలలో కూడా అనుకోలేదు.

ఒకరోజు పన్నుల శాఖ నుంచి నోటీసు వచ్చింది. నా ఖాతాలోకి వచ్చినదంతా చూస్తే వ్యాపారం రిజిస్ట్రేషన్ చేసుకోవలసిన హద్దు దాటిందట. పన్ను, జరిమానా ఎందుకు వేయకూడదో చెప్పమన్నారు. అదంతా నా మీద పడితే కుట్టుమిషన్లు అమ్మినా తీరేది కాదు, షాపు మూసుకోవాల్సిందే. మా అన్న నన్ను ఒక ఏజెంటు దగ్గరికి తీసుకుపోయాడు. "ఫోన్ నంబరు మార్చు, ఖాతా మార్చు, జవాబు ఇయ్యకు. వాళ్ళే మర్చిపోతరు" అన్నాడు ఆయన. ఆ మాట నాకు మింగుడుపడలేదు. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒక టీచరమ్మ సరళక్క పేరు చెప్పింది.

మెట్లెక్కేసరికి నా ముఖం ఎట్లా ఉందో గాని, కళ్ళద్దాల పైనుంచి చూసి ఆమె అన్న మొదటి మాట ఇది: "ఏందమ్మా, ఏడ్చి వచ్చినవా, ఈడ ఏడుద్దామని వచ్చినవా?"

"ఏడ్వలేదు మేడం."

"మంచిది. కాగితం తడిస్తే సదవరాదు. ఇటియ్యి."

గాజులకు పిన్నీసులు, నుదుట రూపాయంత బొట్టు, బల్ల మీద వక్కపలుకుల డబ్బా. నోటీసు రెండుసార్లు చదివింది. ఏజెంటు మాట చెబితే నవ్వింది. "ఫోను బంద్ చేస్తే లెక్క బంద్ అయితదా? నోటీసంటే తిట్టు కాదు బిడ్డా, ప్రశ్న. నువ్వు జవాబియ్యకపోతే వాళ్ళు రాసుకున్నదే జవాబయితది. గడువు లోపల రాద్దాం, ఫికర్ చెయ్యకు." తర్వాత ఎందుకో నా దుపట్టా వైపు చూసి అడిగింది: "రంజాన్ల మీరు ఏటేటా లెక్క కడ్తరు గద, ఏమంటరు దాన్ని?"

"జకాత్."

"ఎట్ల కడ్తవో చెప్పు."

చెప్పాను. షాపులో సరుకు విలువ కట్టడం, చేతిలో ఉన్నది కలపడం, ఇవ్వవలసిన బాకీ తీసేయడం, మిగిలినదాంట్లో పేదల వాటా పక్కన పెట్టడం.

"యాదమ్మ పైసలు గుడ కలుపుతవా అండ్ల?"

"తౌబా! అవి అమానత్ మేడం. దాచిపెట్టమని ఇచ్చింది, నావి కావు."

ఆమె కలం కింద పెట్టింది. "గింత తెలిసినదానివి సర్కారు ముందల ఎందుకు వణుకుతున్నవే? దేవుని ముందల ఎట్ల విడదీసినవో గట్లనే విడదియ్యి. నీది ఒక్క రూపాయి వాళ్ళ మీదికి తొయ్యకు. వాళ్ళది ఒక్క రూపాయి నీ మీదికి తెచ్చుకోకు."

బ్యాంకు స్టేట్‌మెంటు తెచ్చుకుని మధ్యాహ్నాలు ఆమె గదిలో కూర్చున్నాను. నావి ఏవో, ఇతరులవి ఏవో గుర్తు పెట్టమంటే అలవాటు కొద్దీ బట్ట మీద గీసే సుద్దతో గీశాను. విసనకర్ర గాలికే సగం గీతలు చెరిగిపోయాయి. "జాకెట్ అనుకున్నవా? కత్తెర తెచ్చి కోస్తవా ఏంది ఇగ!" అని కసిరి, తన ఎర్ర పెన్సిలు చేతికి ఇచ్చింది. అప్పటినుంచి నేను ఆమెను మేడం అనలేదు, అక్క అన్నాను. ఆమె కూడా దిద్దలేదు.

లెక్క తేలింది గాని, ఆ పైసలు మావే అని గల్లీ ఆడవాళ్ళు వచ్చి చెబితేనే ఆఫీసులో నమ్ముతారని అక్క చెప్పింది. నాతో పాటు తానే గల్లీకి వచ్చింది. యాదమ్మ ఇంటి ముందు అందరూ చేరారు. విషయం వినగానే ఒక్కొక్కరే వెనక్కి జరిగారు.

"మా పేరు ఆడ ఎక్కితే రేషన్ కార్డు పోతదంట గద?"

"మా అత్తకు పింఛను ఆపుతరు, మావల్ల గాదు."

నాకు వాళ్ళ కాళ్ళు పట్టుకుందామా అనిపించింది. అక్క నన్ను మోచేత్తో పొడిచి, వాళ్ళతో నెమ్మదిగా చెప్పింది: "నాకు తెలిసినంతల ఏం గాదు. యాదమ్మ అమ్మే పూల మీద పన్నే లేదు. కొడుకు తల్లికి పంపేది వ్యాపారం గాదు. గాని మీ కార్డుకు పూచీ ఇయ్యనీకె నేనెవర్ని? అబద్ధమాడి సంతకం తీసుకోను." తర్వాత స్టేట్‌మెంటు తీసి ఒక్కొక్క వరుస చదివింది. "గిది మల్లెపూల పైసలు. యాదమ్మా, నీవా, నఫీసావా?" అని అడగడం, జవాబు విని ఇంకొక వరుసకు పోవడం. అంతే. తిరిగి వస్తుంటే నేను, "ఇంకొక్కసారి బతిమాలి చూద్దామక్కా" అన్నాను. "అడిగినం, ఉన్నది చెప్పినం. ఇగ ఊకో. భయపడ్డోళ్ళను మీద పడి అడిగితే అది సాయం గాదు, జబర్దస్తీ" అంది. ఆ వారమంతా నమాజు తర్వాత దువాలో చేతులు ఎత్తితే ఏమి అడగాలో కూడా తెలిసేది కాదు.

విచారణ రోజు ఆఫీసులో అక్క, నేను ఇద్దరమే కూర్చున్నాం. అధికారి మంచిగానే మాట్లాడాడు గాని, ప్రతి వరుసకూ "ఆధారం?" అన్నాడు. నా చేతిలో మాట తప్ప ఏమీ లేదు. అప్పుడు వరండాలో పూల బుట్ట దించిన చప్పుడు, వెంటనే యాదమ్మ గొంతు. జవాను వద్దంటున్నా లోపలికి వచ్చేసింది. ముఖం కోపంతో కందిపోయి ఉంది.

"సారూ, గవి నా పైసలు. పొద్దుగాల లేచి మార్కెట్ల తెచ్చి, అల్లి, ఎండల కూసొని అమ్మిన పూలు. గీ పిల్ల అమ్మినట్టు మీరెట్ల రాసుకుంటరు? దీనికి మూర పూలు కట్టనీకె గుడ రాదు!"

అధికారి నవ్వు ఆపుకోలేకపోయాడు. నాకు మాత్రం కన్నీళ్ళు వచ్చాయి. ఆమె నన్ను కాపాడడానికి రాలేదు. తన కష్టం ఇంకొకరి పేరున ఎక్కడం సహించలేక వచ్చింది. అక్క వరుస వరుసా చదివి అడిగిన ప్రశ్న ఆమెకు నిద్ర పట్టనివ్వలేదట. ఆ సాయంత్రం ఆమె కోపం గల్లీ అంతా తిరిగింది. తర్వాతి వాయిదాకు ఇంకా చాలామంది వచ్చారు. కొందరు రాలేదు, వాళ్ళ మీద నాకు కోపం లేదు. ఆధారం లేని ఆ కొంచెం నా వ్యాపారం కిందనే ఉండిపోయింది. అది కలిపినా ఆ హద్దు దాటలేదు, దాని మీద మాత్రం ఆదాయపు పన్ను కట్టాను. షాపు నిలబడింది. అల్హందులిల్లా.

అక్క ఫీజు పూర్తిగా తీసుకుంది. తగ్గించమని నేను అడగలేదు, అడిగినా తగ్గించేది కాదు. "ఊకె చేస్తే మళ్ళ అడగనీకె మొహమాటపడ్తవు. పైసలిచ్చినవనుకో, దబాయించి అడుగుతవు" అంది. నిజంగానే ఆ తర్వాత ఏళ్ళ తరబడి దబాయించి అడిగాను. ఇంటికి ఒక ఖాతా, షాపుకు ఒక ఖాతా పెట్టించింది. పన్ను పడకపోయినా రిటర్ను వేయించింది, రేపు లోనుకు పోతే బ్యాంకు మొదట అడిగేది అదేనని. సరుకు కొన్న ప్రతి బిల్లూ దాచమంది. పాస్‌వర్డు, ఫోనుకు వచ్చే నంబరు ఎవరికీ చెప్పవద్దంది, "నాకు గుడ" అని వేలెత్తి మరీ. చివరి ఏడాది దవాఖానలో మంచం మీద ఉండి కూడా "గడువు యాదికుందా?" అని అడిగింది. ఉందన్నాను. "ఇగ నాకేం ఫికర్" అని కళ్ళు మూసుకుంది. ఆమె దేవుడిని ఆమె ఏ పేరుతో పిలిచేదో గాని, నేను మాత్రం నా దువాలో ఆమె పేరు చెప్పకుండా చేతులు దించను.

పోయిన నెల మా షాపు పక్కన ఒక అమ్మాయి బ్యూటీపార్లర్ పెట్టింది. గోడ మీద స్కానరు అంటిస్తుంటే చూశాను, దాని మీద మగపేరు ఉంది.

"అది మా అన్నది అక్కా. నాకెందుకు ఖాతాలు గీతాలు. అన్ని ఆయనే చూస్కుంటడు."

"కష్టం ఎవరిది?"

ఆ అమ్మాయి నవ్వేసింది గాని, మర్నాడు పొద్దున నాతో బ్యాంకుకు వచ్చింది. అర్జీలో వ్యాపారం యజమాని పేరు రాయవలసిన చోట కలం ఆపి, అన్న పేరు రాయాలా అన్నట్టు నా వైపు చూసింది.

"నీ పేరు రాయి బిడ్డా" అన్నాను.