ఐలేశం మేకను వెతికిన తీరు

మనిషి రెండు కాళ్ల మీద నిలబడ్డ నాటి నుంచి, కట్టంగూరు అవతలి ఆ ఊళ్లో పనిలేకుండా నడిచినవాడు లేడు. నీళ్లకు నడిచారు, చేనుకు నడిచారు, పెండ్లికి నడిచారు, కొట్లాటకైతే పరుగెత్తారు కూడా. ఎక్కడికీ పోకుండా, ఏమీ తేకుండా, పోయిన దారినే తిరిగి రావడమనే ఆచారం మాత్రం ఆ ఊరి చరిత్రలో ఎక్కడా కనబడదు. దానికి ఆద్యుడు గొర్ల కాపరి ఐలేశం. అయితే ఆద్యులకు ఉండవలసిన ధైర్యం ఆయనకు లేదు. అందుకని భుజాన ఒక తాడు వేసుకుని బయలుదేరాడు.

తాడు సంగతి తర్వాత. ముందు మోకాళ్ల సంగతి.

ఐలేశానికి డెబ్బై దాటాయి. బతుకంతా గొర్ల వెనక నడిచిన మోకాళ్లు కొన్నేళ్ల కిందట తిరుగుబాటు చేశాయి. నడుము బయటి నుంచి మద్దతు ఇచ్చింది. పొద్దున మంచం దిగాలంటే ఈ పక్షాలన్నీ ఒక మాట మీదికి రావాలి. ఎండాకాలం నుంచి మంద వెంట కొడుకు పరశురాములే పోతున్నాడు. వానలు మొదలయ్యాక ఒకనాడు కంచం ముందర తేల్చి చెప్పాడు.

"బాపూ, నేను బత్తాయి తోట చూడాల్నా, గొర్ల ఎంట తిరగాల్నా? దసరా దాక చూస్త. అప్పటికి నువ్వు జర లేసి తిరిగితే సరే. లేకుంటే మందను అంగడికి తోల్త."

ఐలేశం ముద్ద మింగాడు. కొడుకు మాటలో తప్పు లేదు, అదే బాధ. మంద లేని ఐలేశాన్ని ఏమని పిలవాలో ఆయనకే తెలియదు.

నల్గొండ దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇది పూర్తిగా పోయే నొప్పి కాదనీ, కూర్చుంటే మాత్రం పెరిగే నొప్పేననీ చెప్పి, ఊళ్లోని పల్లె దవాఖానకు వచ్చే యోగా పిల్ల దగ్గరికి పొమ్మన్నాడు. ఆ పిల్ల పేరు ప్రవళిక. ముసలివాళ్లను కుర్చీల్లో కూర్చోబెట్టి, కళ్లు మూయించి, నిదానంగా ఊపిరి తీయించేది. మొదటి రోజు ఐలేశం అందరికన్నా శ్రద్ధగా కళ్లు మూశాడు.

"తాతా, ఊపిరి తియ్యమన్న, గురక కాదు," అన్నది ప్రవళిక.

తర్వాత ఆయన్ను వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ నడిపించి చూసింది. "నువ్వు పండ్లు బిగవట్టి నడుస్తున్నవు తాతా. నొప్పితోని గట్ల కొట్లాడితే అది ఇంక గట్టిగైతది. ఊపిరి మెల్లగ ఇడువు. కాలు నేల మీద ఎట్ల పడుతున్నదో దాని మీదనే మనసు పెట్టు. ఎక్కువైతే ఆగు, తగ్గినంక మళ్ల నడువు. రోజూ నడువాలె."

"యాడికి నడువాలె బిడ్డా?"

"యాడికీ కాదు. ఊకెనే."

"ఊకెనే ఎట్ల నడుస్తరు?"

"పోయి ఒచ్చుడే తాతా," అని నవ్వింది ప్రవళిక.

మరునాడు ఐలేశం గడప దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. నొప్పి కంటే పెద్ద అడ్డంకి ఒకటి ఎదురైంది. ఉత్త చేతులూపుకుంటూ, ముందర ఒక్క జీవం లేకుండా, లోకం చూస్తుండగా ఎలా నడవడం? చూరు కింద వేలాడుతున్న తాడు తీసి భుజాన వేసుకున్నాక గాని కాలు వాకిలి దాటలేదు.

నల్లా దగ్గర బిక్షమ్మ బిందెలో నీళ్లు పడుతున్నది. "ఏందన్నా, పొద్దుగాల్నే తాడేసుకొని ఎల్లినవ్?"

"మేక తప్పిపోయిందే."

గొర్రె అనకుండా మేక అని ఎందుకన్నాడంటే, అందులో ఒక కులవృత్తి గౌరవం ఇమిడి ఉంది. గొర్రె తప్పిపోయిందంటే తప్పు కాపరిది. మేక తప్పిపోయిందంటే తప్పు మేకది. అన్న తర్వాత నాలుక కరుచుకున్నాడు గాని, ఒకసారి నోట్లోంచి వెళ్లిన మేకను మళ్లీ లోపలికి తోలడం ఎవరివల్లా కాదు.

బిక్షమ్మ ఆయన ముఖం చూసింది, మోకాళ్లు చూసింది. "ఏ రంగుదన్నా?"

"నల్లది. ఒక చెవు తెల్లగుంటది."

"గట్లయితే తోటల దిక్కే పోయుంటది. నిదానంగ చూడు. ఉరకకు."

సాయంత్రానికల్లా మేక ఊరంతటికీ తెలిసింది. చాయ దుకాణం సాయిలు దారి పక్కన వేపచెట్టు నీడకు బల్ల జరిపాడు. "దొర్కిందా మామా? దొర్కలేదా? కూసొని ఎతుకు, అదేం ఉరికిపోతలేదు." తోటి కాపరి యాదయ్యకైతే ఆ మేక తరచుగా కనబడేది. మొదట రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ కాడ కనబడింది. ఐలేశం మోరీ దాకా అవలీలగా పోవడం మొదలుపెట్టగానే, "నిన్న కాలువ గట్టు మీద చూసిన బావా," అన్నాడు. కాలువ దాకా కాళ్లు అలవాటు పడ్డాక మేక బత్తాయి తోటల కంచె దగ్గరికి మారింది. ఎన్నడూ వెనక్కి రాలేదు.

నొప్పి మాత్రం ఎక్కడికీ పోలేదు. కానీ ప్రవళిక చెప్పినట్టు ఊపిరి వదులుతూ అడుగు మీద మనసు పెడితే, అది మంద వెనక వచ్చే ముసలి కుక్కలా ఉండేది. అదిలిస్తే మొరిగేది. వదిలేస్తే ఊరికే వెంట వచ్చేది.

ఒక రాత్రి ఆయన మోకాళ్లకు వేడి ఉప్పు మూట అద్దుతూ భార్య జానమ్మ అన్నది, "రేపటి సంది నేను గూడ వస్త. ఇద్దరం చూస్తే జల్ది దొర్కుతది."

ఐలేశం కాలు వెనక్కి తీసుకున్నాడు. "నీకెందుకే ఈ తిప్పలు?"

"మేక నీ ఒక్కనిదేనా?"

మరునాడు పక్కన నడుస్తుంటే ఆమె అడుగు ఒకటి గట్టిగా, ఒకటి తేలికగా పడడం విన్నాడు. ఇన్నాళ్లూ ముందు నడవడమే గాని పక్కన నడిచింది లేదు, అందుకే వినబడలేదు. ఆమెకూ తుంటి నొప్పి ఉందన్నమాట.

"పండ్లు బిగవట్టకే. ఊపిరి ఇడువు."

"మేకను ఎతుకనిస్తవా లేదా?"

"ఊపిరి ఇడుసుకుంట ఎతుకు."

ఆమె నవ్వు ఆపుకున్నది. ఇద్దరూ సాయిలు బల్ల మీద కాసేపు కూర్చుని వెతికారు.

దసరా అయిన మరునాడు పొద్దున పరశురాములు గొర్ల దొడ్డి తడిక తీశాడు. మంద బయటికి పారింది. అది అంగడి దారికి మళ్లుతుందేమోనని ఐలేశం చూపు దించుకున్నాడు. కొడుకు వచ్చి తండ్రి భుజం మీది తాడు తీసి, చేతిలో కట్టె పెట్టాడు.

"తోటల దాక నువ్వు పో బాపూ. అక్కడి సంది నేను తోల్త."

ఐలేశం ఊపిరి మెల్లగా వదిలాడు. "మరి మేక?"

"దొర్కినప్పుడు దొర్కుతది తియ్."

జానమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ముందే బయలుదేరింది. ఆ మండలంలో ఇంత కాలం, ఇంత మంది, ఇంత ఓపికగా సాగించిన వెతుకులాట మరొకటి లేదు.

ఐలేశం తాత కాలం నుంచి ఆ ఇంట్లో పెంచినవన్నీ గొర్లే. మేక ఎన్నడూ లేదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు.