నెక్కొండ నుంచి వచ్చిన జవాబు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నిజానికి సర్వర్లనూ నమ్మను. వాటిని రోజూ అనుమానించడమే నా ఉద్యోగం.

వరంగల్‌లో మాది చిన్న ఆఫీసు. పొద్దున రాగానే ఒక్క కమాండ్ కొడతాం. మేం చూసుకునే సర్వర్లన్నిటినీ "ఎలా ఉన్నావు?" అని అడిగినట్టన్నమాట. బతికున్నవి పచ్చరంగులో జవాబిస్తాయి, లేనివి ఎర్రగా మిగులుతాయి.

ఈ ఏర్పాటు చేసింది నా పక్క కుర్చీ యాకూబ్. ప్రయోగాల కోసం తను కొనుక్కున్న చిన్న డబ్బాలాంటి మిషన్‌కు సొంతూరి పేరే, నెక్కొండ అని పెట్టాడు. అదొక్కటే "బాగున్న అమ్మీ, ఫికర్ చెయ్యకు" అని జవాబిచ్చేది. రోజూ ఫోన్లో వాళ్ళమ్మకు చెప్పే మాట. "మిషినైనా అమ్మకు జవాబియ్యాలె గదరా" అనేవాడు.

మొన్న వానాకాలంలో జ్వరమని దవాఖానలో చేరాడు. తిరిగి రాలేదు.

ఆ డబ్బాలో ఆఫీసు సమాచారం ఉందని డిస్క్ నేనే ఊడదీశాను. జాబితాలో నెక్కొండ పేరు మాత్రం తీసేయలేదు. ఎందుకని అడిగితే బద్ధకం అన్నాను. రోజూ ఎర్రగా వచ్చేది.

ఒక మధ్యాహ్నం వాళ్ళమ్మ వచ్చింది. అతని సామాను సంచిలో సర్ది ఇచ్చాను. టిఫిన్ డబ్బా, చెప్పులు, ఆ మిషన్, దాని చుట్టచుట్టిన వైరు. సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నా కొడుకు ఈడ ఏం పని చేసేటోడు బిడ్డా? జర చూపియ్యి."

ఆమెకు చదువు రాదు. కానీ ఆ ఒక్క వరస ఎర్రగా ఎందుకుందని అడిగితే ఏం చెప్పాలి? కాదనలేక కమాండ్ కొట్టాను.

ఒక్కొక్కటీ పచ్చగా వచ్చాయి. చివర నెక్కొండ. అదీ పచ్చగానే.

బాగున్న అమ్మీ, ఫికర్ చెయ్యకు.

"ఏం రాసింది బిడ్డా అండ్ల?"

చదివి వినిపించాను.

ఆమె సంచి మీద చెయ్యి వేసింది. "దవాఖానల గూడ గిదే చెప్పిండు. నేను నమ్మి ఇంటికి పోయిన."

ఆమె వెళ్ళాక అన్నీ వెతికాను. నెక్కొండ అడ్రస్ వేరే మిషన్‌కేమీ ఇవ్వలేదు. పాత జవాబులు మేం దాచం, అవే మళ్ళీ కనబడే వీలూ లేదు. మర్నాడు మళ్ళీ ఎరుపే. కారణం నాకు ఇప్పటికీ తెలియదు.

రోజూ పొద్దున అడుగుతూనే ఉన్నాను. పేరు ఇంకా తీసేయలేదు.

బద్ధకం.