ఆక్సిజన్ పరారైన సాయంత్రం

ఆ రోజుల్లో నాకు ఎక్కడలేని ధైర్యం ఉండేది. అది తెలివి వల్ల వచ్చింది కాదని చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు. అప్పుడే తిరువూరులో ఒక ప్రైవేటు బడిలో సైన్సు టీచరుగా చేరాను. విస్సన్నపేట నుంచి షేర్ ఆటోలో వచ్చేసరికి గంజి పెట్టిన చీర నలిగిపోయేది గానీ నా ఉత్సాహం నలిగేది కాదు. అందుకే వార్షికోత్సవానికి మిగతా టీచర్లంతా డాన్సులు నేర్పుతుంటే, మామూలుగా గాలి రూపంలో ఉండే మూలకాలన్నిటితో నాటకం వేయిస్తానన్నాను. కరస్పాండెంట్ గారు కళ్ళద్దాలు పైకి తోసుకుని, "బాగా రావాలమ్మా. దీన్ని బట్టే వచ్చే ఏడాది నీ సంగతి చూద్దాం," అన్నారు.

హైడ్రోజన్లకు కవలపిల్లలు దొరికారు. ఆక్సిజన్‌గా ఖంగుమనే గొంతున్న నాలుగో తరగతి పాప. క్లోరిన్ విషవాయువు అనగానే మగపిల్లలంతా ఆ వేషం కోసం కొట్టుకున్నారు. చిక్కల్లా నియాన్‌తో వచ్చింది. నియాన్ దేనితోనూ కలవదు కనుక, ఆ పిల్లాడి పని చేతులు కట్టుకుని నిలబడటమే. బట్టల షాపు నడిపే వాళ్ళమ్మ బడికి వచ్చేసింది.

"మావాడికి ఒక్క డైలాగూ లేదేంటండి?"

"నియాన్ జడవాయువండీ."

"జడమా! వాడు ఇంట్లో ఒక్క నిమిషం కుదురుగా ఉంటే చెప్పండి!"

(చివరికి "నేను ఎవరితోనూ కలవను" అనే మాట ఇచ్చి ఆవిణ్ణి సాగనంపాను.)

ఆ సాయంత్రం ఆవరణంతా జనం. ఎటు చూసినా పైకెత్తిన ఫోన్లే. హైడ్రోజన్లిద్దరూ చేతులు చాచి, "ఆక్సిజనూ, రా! నీళ్ళవుదాం!" అన్నారు. ఆక్సిజన్ ముందుకు వచ్చింది, జనాన్ని చూసింది, బావురుమంటూ మెట్లు దిగి పెనుగొలను నుంచి వచ్చిన నాయనమ్మ ఒళ్ళో పడింది. కవలలు మళ్ళీ పిలిచారు. చాచిన చేతులు అలాగే ఉన్నాయి. నియాన్‌కి జాలేసింది. "నేనొస్తాలేరా!" అంటూ కట్టుకున్న చేతులు విప్పేశాడు.

ముందు వరసలో కరస్పాండెంట్ గారు, ఆయన కళ్ళెదుట నియాన్‌తో నీళ్ళు! ఏం పూనిందో తెలియదు, "ఆగరా నియాన్!" అని అరుస్తూ తెర పక్కనుంచి పరిగెత్తి, కవలల చేతులు పట్టుకుని, "నేనే ఆక్సిజన్‌ని!" అన్నాను. తరవాత పాప చెప్పాల్సిన మాటలు చెప్పాలి. నోరు తెరిస్తే ఆయాసం తప్ప మాట రాదే! (ఆక్సిజన్‌కే ఊపిరందకపోవడం ఆ ఊరు అదే మొదటిసారి చూడటం.) జనంలోంచి ఆ నాయనమ్మ గొంతు వినిపించింది.

"అయ్యో, ఆ టీచరమ్మకి కాసిని మంచినీళ్ళివ్వండయ్యా!"

"ఇప్పుడే అవుతున్నాం మామ్మా!" అని కవలలు ఒక్కసారిగా అరిచారు.

ఇక చప్పట్లు ఆగలేదు. కరస్పాండెంట్ గారు నవ్వీ నవ్వీ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "వచ్చే ఏడాదీ నువ్వే వేయించమ్మా," అన్నారు.

మొన్న ఎవరో ఆ వీడియో పంపారు. ఇప్పుడైతే తెర దించమని చెప్పి, పాపను బుజ్జగించి, నిదానంగా మళ్ళీ మొదలుపెట్టేదాన్ని. పద్ధతి అదే. అయినా కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, రేగిన జుట్టుతో స్టేజీ మీదికి దూసుకొస్తున్న ఆ పిల్లను చూస్తుంటే, ఎక్కడో బాగా తెలిసిన మనిషే అనిపించి, ఒకసారి పలకరించాలనిపించింది.