ఎర్రనీళ్లు పడిన టాపు

పుంగనూరులో ఆ కారును అందరూ పెద్దకారు అంటారు. దాని అసలు పేరు ఆల్విస్. 1937లో ఇంగ్లండులో తయారైంది. ఇప్పటి యజమాని దామోదర్ వాళ్ల తాత దాన్ని బెంగళూరులో ఒక దొర దగ్గర కొని, తనే నడుపుకుంటూ ఇంటికి తెచ్చాడట. పొడుగాటి ముక్కు, ముందు చక్రాల మీద ఏనుగు చెవుల్లా వంగిన రేకులు, వెన్నరంగు గుడ్డ టాపు. కావాలంటే ఆ టాపును వెనక్కి మడిచి పెట్టుకోవచ్చు, వద్దంటే లేపి బిగించుకోవచ్చు.

దాన్ని కడగడానికి రెడ్డెప్ప చేరినప్పుడు అతనికి ఇంకా మీసాలు సరిగా రాలేదు. ఇప్పుడు మీసాలు పూర్తిగా నెరిశాయి. ఈ మధ్యలో అతను చేసిన పని ఆ కారును చూసుకోవడం ఒక్కటే. ఆదివారం పూట ఇంజను తిప్పి, పలమనేరు రోడ్డు మీద కొంతదూరం పోయి వచ్చేవాడు. ఎలుకలు వైర్లు కొరికే కాలంలో షెడ్డులోనే పక్క వేసుకునేవాడు. ఇంజను విప్పి పెట్టుకుని ఉన్నానని సొంత తమ్ముడి పెళ్లికి ముహూర్తం దాటాక చేరుకున్నాడు. ఆ మాట ఎత్తితే అతని భార్య అమరావతికి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కారుకు తాళి కట్టాల్సినోడు పొరపాటున తనకు కట్టాడని ఆమె వీధంతా చెబుతుంది.

దామోదర్ కారును అమ్మకానికి పెట్టాడు. చూసుకునే ఓపిక తనకు లేదని, తన తర్వాత ఎవరూ చూసుకోరని చెప్పాడు. కుప్పంలో గ్రానైట్ వ్యాపారం చేసే జగదీష్ పాతకార్లు కొని, వాటికోసం నున్నటి రాయి పరిచిన పెద్ద హాలు కట్టించాడు. అతను వచ్చి చూసి, అన్నిటికంటే టాపు దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాడు. ఇంగ్లండులో కుట్టిన గుడ్డ ఇంతకాలం నిలిచి ఉండటం ఎక్కడా చూడలేదన్నాడు. పోతూ పోతూ రెడ్డెప్ప భుజం మీద చెయ్యి వేశాడు.

"కారుతో పాటు నువ్వూ వచ్చెయ్యప్పా. హాలు పక్కనే రూము ఉండాది. దీన్ని సూసుకునేదానికి నీకన్న ఎవరుండారు?"

ఆ మాటతో రెడ్డెప్పకు ప్రాణం లేచొచ్చింది. కారు లేకుండా తెల్లవారితే ఏం చెయ్యాలో అతనికి తెలియదు. ఆ సంగతి అమరావతికి అతనికన్నా బాగా తెలుసు. గిన్నెలు మూట కట్టడం మొదలుపెట్టింది.

బెంగళూరు నుంచి కార్ల నిపుణుడిని తీసుకుని ఆదివారం వస్తామని, అంతా సరిగ్గా ఉంటే అప్పుడే లారీలో ఎక్కిస్తామని జగదీష్ కబురు చేశాడు. అమ్మకం సంగతి ఊరంతా తెలిసి జనం వచ్చి కారును చూసిపోతున్నారు. ఇంతమంది కళ్లు పడ్డాక దిష్టి తియ్యకుండా ఎలా పంపుతారు? బుధవారం పొద్దున అమరావతి ఇత్తడి తాంబాళంలో నీళ్లు పోసి, పసుపూ సున్నమూ కలిపింది. నీళ్లు ఎర్రగా తిరిగాయి. మధ్యలో తమలపాకు వేసి కర్పూరం వెలిగించింది. రెడ్డెప్ప తాంబాళం పట్టుకుని కారు చుట్టూ తిరిగాడు. వెనకవైపుకు వచ్చేసరికి గాలి విసిరింది. కర్పూరం మంట టాపు మీదికి నాలుక చాచింది. గుడ్డ అంటుకుంటుందన్న భయంతో అతను తాంబాళాన్ని గట్టిగా వెనక్కి లాగాడు. మంట ఇటు వచ్చింది. నీళ్లు అటు పోయాయి.

వెన్నరంగు టాపు మీద, వెనక అద్దం పక్కన, ఎర్రటి మరక జారింది.

అమరావతి ఏదో చెప్పబోయింది. నోరు మూసుకోమని కసిరి, రెడ్డెప్ప సబ్బు తెచ్చి రుద్దాడు. మరక ఇంకా ఎర్రబడింది. నిమ్మకాయ పిండి రుద్దాడు. ఎరుపు పోయి పచ్చగా తిరిగింది. పోతోందనుకుని మళ్లీ సబ్బు పెట్టాడు. మళ్లీ ఎర్రబడింది. గుడ్డ మీద నూగు లేచేదాకా అలాగే రుద్దుతూ ఉన్నాడు. ఎవరైనా చూస్తారేమోనని షెడ్డు తలుపులు మూసుకున్నాడు. బయట ఎండ ఫెళఫెళా కాస్తూనే ఉంది.

మరుసటి రోజు బస్సెక్కి మదనపల్లెకు పోయాడు. నీరుగట్టువారిపల్లెలో పట్టునూలుకు రంగులద్దే ఉమాపతి అతనికి పాత పరిచయం. మరక తుడిచిన గుడ్డపీలికను జేబులోంచి తీసి చూపించాడు. ఉమాపతి దాన్ని వాసన చూసి నవ్వాడు.

"పసుపు నిలబడే రంగు కాదప్పా. ఎండలో పెడితే దానంతటదే పోతాది. సబ్బు మాత్రం ముట్టొద్దు. దీనికోసరం ఇంత దూరం వచ్చినావా? ఇంట్లో ఆడోళ్లను అడిగుంటే సెప్పుండేవాళ్లే."

రెడ్డెప్ప నవ్వలేదు. గుమ్మంలోంచి ఆకాశం వైపు చూశాడు. పొద్దుటి నుంచి మబ్బు పట్టి ఉంది. సముద్రంలో వాయుగుండమని బస్సులో ఎవరో అనుకుంటుంటే విన్నాడు. తిరిగొచ్చేసరికి పుంగనూరులో ముసురు మొదలైంది.

శుక్రవారమూ ముసురే, శనివారమూ ముసురే. రెడ్డెప్ప షెడ్డు వాకిట్లో కూర్చుని ఆకాశాన్ని చూస్తూ ఉండిపోయాడు. కాస్త తెరిపిచ్చినప్పుడల్లా కారును బయటికి తోసేవాడు. మళ్లీ తుంపర పడగానే లోపలికి తోసేవాడు. తోసేటప్పుడు అమరావతి కూడా ఒక చెయ్యి వేసేది. ఎండ సంగతి తను బుధవారమే చెప్పబోయానని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. అనుంటే అతనికి కొంచెం తేలికగా ఉండేదేమో. సబ్బునీళ్ల చెమ్మ గుడ్డలోంచి పోలేదు. మరక అలాగే ఉంది.

శనివారం సాయంత్రం దామోదర్ వచ్చి మరక చూశాడు. తిట్టలేదు. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"టాపు దించేసెయ్ రెడ్డెప్పా. పోయిన నెల వాళ్లు సూసే పోయినారు గదా. మడిసి పెట్టి, దానిమీద కవరు తొడిగెయ్. మళ్లా లేపమని అడగరు."

చెప్పి వెళ్లిపోయాడు. రెడ్డెప్ప ముందు వైపు కొక్కేలు విప్పాడు. టాపును సగం దాకా దించాడు. తడిగుడ్డ వాసన గుప్పుమంది. తడి టాపును మడిస్తే లోపల బూజు పట్టి, మడతల వెంబడి పీలికలైపోతుంది. వానాకాలంలో చెయ్యి పెట్టి చూసి, పొడిగా ఉందనుకుంటేనే మడిచేవాడు ఇన్నేళ్లూ. కవరు కింద దాచిన గుడ్డను కుప్పంలో ఎప్పుడు విప్పుతారు? వారానికా, నెలకా?

అమరావతి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"దించితే కుప్పం పోతాం. దించకుంటే ఆ కారు లేకుండా నువ్వెట్ల బతుకుతావో నేను సూడాల. ఏదో ఒగటి సెయ్యి, ఊరికే అట్ల నిలబడొద్దు."

"కుళ్లిపోతాదే," అన్నాడు రెడ్డెప్ప.

ఎంతసేపు నిలబడ్డాడో, చివరికి టాపును మళ్లీ పైకి లేపి కొక్కేలు బిగించాడు. అమరావతి ఇంట్లోకి పోయి మూట విప్పి, వంటకు గిన్నె తీసుకుంది.

ఆదివారం వాళ్లొచ్చారు. నిపుణుడు కళ్లజోడు పైకి నెట్టి మరకను చూశాడు, వేలితో నూగును తడిమాడు. మరక అయితే ఎండకు పోయేదే, కానీ రుద్దిన చోట నేత దెబ్బతిన్నదని, అది ఇక బాగుపడదని మెల్లగా చెప్పాడు. ఇదెలా జరిగిందని జగదీష్ దామోదర్‌ను అడిగాడు. జవాబు రెడ్డెప్ప చెప్పాడు.

"దిష్టి తీసినాను సామీ."

జగదీష్ అతని వైపు తిరిగాడు.

"నా దగ్గర ఇంకా ఆరు కార్లుండాయి. వాటికి కూడా తీస్తావా?"

లారీతో వచ్చిన కూలీలు నవ్వారు. కారు వద్దని మాత్రం జగదీష్ అనలేదు. బేరం మాట్లాడుకోవడానికి దామోదర్‌ను పక్కకు పిలిచాడు. రూము మాట మళ్లీ ఎత్తలేదు. ధర కొంత తగ్గి, కారు లారీ ఎక్కింది. లారీ దగ్గరికి పోయి రెడ్డెప్పే అడిగాడు, కుప్పం దాకా అయినా వస్తానని, ఇంజను తిప్పి కిందికి దించడం కొత్తవాళ్లకు చేతకాదని. జగదీష్ సరేనన్నట్టు తల ఊపాడు.

పలమనేరు దాటినా చినుకు ఆగలేదు. బైరెడ్డిపల్లె దగ్గర ఉన్నట్టుండి ఎండ వచ్చింది. లారీ ఆపి, పైన కప్పిన టార్పాలిన్ తీసేద్దామని రెడ్డెప్ప బతిమాలాడు. మళ్లా వానొస్తే ఎవురు కప్పేదని డ్రైవరు ఆపలేదు. కుప్పం చేరేసరికి ఆ ఎండ కూడా పోయింది.

హాల్లోకి కారును రెడ్డెప్పే నడిపించాడు. నున్నటి రాతి మీద టైర్లు కీచుమన్నాయి. ఇంజను ఆపాక కూడా రెండు చేతులూ స్టీరింగు మీదే పెట్టుకుని కూర్చున్నాడు. అక్కడి కార్లు చూసుకోవడానికి కొత్తగా చేరిన మునిశేఖర్ వచ్చి, తలుపు పట్టుకుని, దిగేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు. తాళం చెయ్యి తీసుకుని, ఇంకేమన్నా చెప్పాల్నా అప్పా అని అడిగాడు.

చెప్పాల్సింది చాలా ఉంది. చలికాలం పొద్దున్నే ఎలా తిప్పాలో, ఇంజను ఎక్కిళ్లు పెడితే ఎక్కడ విప్పి చూడాలో, ఎడమ తలుపు వెయ్యడానికి ఎంత బలం చాలునో. రెడ్డెప్ప టాపు వైపు చూశాడు.

"టాపు ఆరేదంకా మడవొద్దప్పా. రోజూ చెయ్యి పెట్టి సూడు," అన్నాడు.

మునిశేఖర్ అలాగేనని తలూపాడు. ఈలోగా ఫోను మోగితే మాట్లాడుతూ బయటికి పోయాడు. రెడ్డెప్ప టాపు మీద ఒకసారి చెయ్యి పెట్టి చూశాడు. ఇంకా చెమ్మగానే ఉంది. వాచ్‌మన్ వచ్చి, పలమనేరు బస్సుకు టైమైందని, హాలు తాళం వెయ్యాలని చెప్పాడు.