కింద గది తడిసిన మధ్యాహ్నం

రేడియో స్టేషన్లో అందరూ ఆమెను వదిన అనే పిలుస్తారు. గేటు కాపలా కాసే మరిది నోట మొదలైన ఆ పిలుపు, చివరికి ఆమెకన్నా రెండింతల వయసున్న డైరెక్టరుకూ అంటుకుంది.

స్టేషన్లో రికార్డయిన పాత గొంతులన్నీ వదిన చేతి కింద ఉండేవి. ఎవరెవరో వద్దనుకున్న కంప్యూటర్లు తెచ్చి మూడు గదుల్లో పేర్చింది. ఎవరైనా ఉచితంగా తీసుకుని, తమకు కావలసినట్టు మార్చుకోగలిగే సాఫ్ట్‌వేర్‌తో వాటిని ఒక్క కుటుంబం చేసింది. అది ప్రతి రికార్డింగునూ ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు గదికొక నకలు దాస్తుంది. మిషన్లు "ఉన్నావా?" అని ఒకదాన్నొకటి పలకరించుకుంటూనే ఉంటాయి. ఏదైనా పలకకపోతే దాని బరువు మిగిలినవి ఎత్తుకుంటాయి.

ఒక మధ్యాహ్నం వార్తలక్క వచ్చింది. ఒకప్పుడు ఇక్కడే వార్తలు చదివి, ఎప్పుడో రిటైరైన మనిషి.

"నా మొదటి వార్తలు ఒక్కసారి వినిపించమ్మా. అప్పటి నా గొంతు నాకే గుర్తులేదు."

వదిన ఆమెకు హెడ్‌ఫోన్లు పెట్టింది. వార్తలక్క కళ్లు మూసుకుంది. అంతలో మరిది ఆయాసపడుతూ వచ్చాడు.

"వదినా, కింద గదిలో పైపు పగిలింది. నీళ్లన్నీ మిషన్ల మీదే."

వదిన పరుగున వెళ్లి కరెంటు కట్టేసింది. పచ్చటి దీపాలు ఆరిపోయాయి. ఎన్నడూ ఆగని హోరు ఆగి, నీటిచుక్కల చప్పుడే మిగిలింది.

"అన్నీ పోయినట్టేనా?" అన్నాడు మరిది.

"ఇంకో రెండు గదులున్నాయి కదయ్యా."

పైన వార్తలక్కకు ఏమీ తెలియదు. తరువాతి ముక్క మరో గది నుంచి అందింది. వార్త ఆగలేదు, మాట తడబడలేదు. కింద గదితోపాటు పోయిన నకళ్లను మిగిలిన మిషన్లు మళ్లీ తయారుచేసుకోవడం మొదలుపెట్టాయి. ఆ ఒత్తిడికి ఒక ముసలి డిస్కు కీచుమంది. అదీ పోతే కొన్ని గొంతులకు ఒకే ఒక్క నకలు మిగులుతుంది. పైకి వచ్చిన వదిన ఆ కీచు విన్నది. పరుగెత్తి పాలు తాగడం కన్నా నిలబడి నీళ్లు తాగడమే మేలనుకుని, నకళ్లు తీసే వేగం తగ్గించి, ఆ డిస్కున్న పెట్టె మీద చెయ్యి వేసి కూర్చుంది.

ఎండ కిటికీ నుంచి నేల మీదికి, నేల మీది నుంచి గోడ మీదికి పాకింది. నాటకాల రాణులు, వాన కబుర్లు, పిల్లల నవ్వులు చెప్పుల్లేని పాదాలతో వరండా దాటి గది మారుతున్నట్టు అనిపించింది ఆమెకు. కాసేపు తానూ వాటి వెంట నడిచింది. డిస్కు కీచుమనడం ఎప్పుడు మానిందో తెలియనే లేదు. పొద్దు వాలేసరికి, మిగిలిన రెండు గదుల్లోనే వేర్వేరు మిషన్లలో, ప్రతి ముక్కకూ మళ్లీ మూడు నకళ్లున్నాయి.

మొదటి వార్తలతో మొదలుపెట్టి అప్పటిదాకా ఒకదాని వెంట ఒకటి వింటూనే ఉన్న వార్తలక్క హెడ్‌ఫోన్లు తీసింది.

"మధ్యలో దగ్గానమ్మా. అది కూడా దాచారే."

"తీసెయ్యమంటారా?"

"వద్దులే. నా దగ్గు నాకే ముద్దొచ్చింది."

ముసలి డిస్కులను అంత పరుగులు పెట్టించవద్దని, ఆ సాఫ్ట్‌వేర్ రాసే, తానెన్నడూ చూడని మనుషులకు వదిన రాసింది. వాళ్లలో ఒకరు అప్పుడే దాన్ని దిద్దడం మొదలుపెట్టారు. మర్నాడు తడిసిన మిషన్ల మూతలు తీసి వాకిట్లో ఆరబెడితే, మరిది కర్ర పట్టుకుని కాకుల్ని తోలుతూ కూర్చున్నాడు.